పదేళ్ళుగా మింగుతున్న లిథియానికి నా రివ్యూ (మధ్యలో మిగతా మాత్రలకి కూడా)

మిక్సీ కొంటే రివ్యూ రాస్తారు, బిర్యానీ తింటే రాస్తారు, రెండు రోజులు పెట్టుకున్న ఇయర్‌ఫోన్లకి పేజీలు పేజీలు రాస్తారు. పదేళ్ళుగా రోజూ రాత్రి తొమ్మిదింటికి నేను మింగుతున్న మాత్ర గురించి తెలుగులో ఒక మామూలు మనిషి రాసింది చదువుదామని వెతికితే నాకేమీ దొరకలేదు. సరే, నేనే రాస్తున్నా. నాది బైపోలార్ టైప్ వన్, అంటే మనసు ఒకసారి అదుపు లేకుండా పైకి ఎగిరి (దాన్నే మేనియా అంటారు), ఇంకోసారి డిప్రెషన్‌లోకి మునిగిపోయే జబ్బు. ఊరు విజయవాడ, పని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ. డాక్టర్ని కాను, కాబట్టి ఇది చదివి ఎవరూ మందు మొదలుపెట్టొద్దు, అంతకంటే ముఖ్యంగా ఎవరూ వాడుతున్న మందు మానొద్దు. మానితే ఏమవుతుందో కూడా కింద రాశా.

ముందు జబ్బు సంగతి చెప్పకపోతే మందు సంగతి అర్థం కాదు. 2014 మా ప్రెస్సుల వాళ్ళకి పండగ సంవత్సరం. మార్చి 30న మునిసిపల్ ఎన్నికలు, ఏప్రిల్‌లో జడ్పీటీసీ, ఎంపీటీసీ, మే 7న అసెంబ్లీకీ పార్లమెంటుకీ కలిపి. కరపత్రాలు, స్టిక్కర్లు, డమ్మీ బ్యాలెట్లు, ఊపిరాడేది కాదు. రాత్రి రెండింటికి అభ్యర్థి మనిషి వచ్చి ఫొటోలో అన్న మొహం నల్లగా పడింది, కాస్త తెల్లగా చెయ్ అంటాడు, చేసి ప్లేటుకి పంపేసరికి పాలవాడు వచ్చేసేవాడు. మొదట్లో పని ఉండి నిద్రపోలేదు, తర్వాత నిద్ర అక్కర్లేకుండా పోయింది. ఆ తేడా అప్పుడు నాకు తెలియలేదు. గంటన్నర పడుకుని లేస్తే ఒళ్ళంతా కరెంటు, నోరు ఆగదు, అందరూ నత్తల్లాగా కనపడేవాళ్ళు. ఒక లారీ ఆర్ట్ పేపరు అప్పు మీద తెప్పించా. ప్రెస్సు నాది కాదు, నేను జీతగాణ్ణి. దించడానికి చోటు లేక మా అత్తగారింటి వరండాలో వేయించా. ఆవిడ నోట మాట రాక అలా చూస్తూ నిలబడిపోయింది. గాలి సోకిందని ఒకరు, ఎవరో చేయించారని ఒకరు, మెడలో రెండు తాయెత్తులు. మే 16న ఫలితాలొచ్చే వేళకి నేను ఆస్పత్రిలో ఉన్నా, నేను పోస్టర్లు వేసినవాళ్ళలో ఎవరు గెలిచారో నాలుగు రోజుల తర్వాత తెలిసింది.

అక్కడ మొదట ఇచ్చింది ఓలాంజపిన్, దానితో పాటు వాల్ప్రోయేట్. ఓలాంజపిన్‌కి ఆస్పత్రిలో పదికి తొమ్మిది మార్కులు, ఇంటికొచ్చాక పదికి నాలుగు. నిజంగా అలాంటిదే ఆ మందు. మూడు నాలుగు రోజుల్లో నన్ను నేలమీదకి దింపింది, వారానికల్లా నా మాటలు నాకే వినపడటం మొదలైంది. కానీ ఆ తర్వాత పట్టుకున్న ఆకలి ఉందే, అది ఆకలి కాదు, కడుపులో ఇంకో మనిషి కూర్చున్నట్టు. రాత్రి భోజనం అయిన గంటకి మళ్ళీ పెరుగన్నం, పదకొండింటికి ఫ్రిజ్‌లో ఏముందా అని. ఎనిమిది నెలల్లో పదిహేను కిలోలు పెరిగా. బరువుతో పాటు సుగరూ కొవ్వూ పెరుగుతాయి కాబట్టి ఈ మందు వాడేవాళ్ళు ఆ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి, ఇది నాకు తర్వాత ఇంకో డాక్టరు చెప్పారు.

వాల్ప్రోయేట్‌ది ఇంకో కథ. ఇది మొదట మూర్ఛకి వాడిన మందు, మా ఇంటి పక్కన మెడికల్ షాపులో ఇప్పటికీ ఫిట్స్ మాత్రలు అనే అంటారు, ఒకసారి నలుగురి ముందూ గట్టిగా అలాగే అరిచి ఇచ్చాడు కూడా. విచిత్రం ఏంటంటే 1882లో దీన్ని తయారుచేసినప్పుడు ఇది మందే కాదు, తర్వాత కూడా చాలా ఏళ్ళు ఇతర మందుల్ని కరిగించడానికి వాడే ద్రవం. 1960ల్లో ఫ్రాన్సులో వాళ్ళు వేరే మందుల్ని ఇందులో కరిగించి జంతువుల మీద పరీక్షిస్తుంటే, ఏ మందు కలిపినా ఫిట్స్ తగ్గుతున్నాయట, చూస్తే పనిచేసేది కరిగించే ద్రవమే. సాంబారు బాగుందని ముక్కల్ని మెచ్చుకుంటే అసలు రుచి పులుసుదని తేలినట్టు. మేనియా మీద ఇది బాగానే పనిచేస్తుంది, త్వరగా పనిచేస్తుంది. నాకు జుట్టు ఊడింది, బాత్రూమ్ జాలీ దగ్గర రోజూ గుప్పెడు. అది భరించొచ్చు. కానీ ఆ ఏడాది దసరా నాటికి నేను పూర్తిగా కిందపడ్డా. స్నానం చేయడానికి మధ్యాహ్నం దాకా మనసుని బతిమాలుకోవడం, చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోవడం. వాల్ప్రోయేట్ నన్ను పైకి ఎగరకుండా పట్టుకుంది గానీ కింద మునగకుండా పట్టుకోలేకపోయింది. ఆరు మార్కులు.

ఇక్కడ ఆడవాళ్ళకి ఒక్క మాట, ఇది మాత్రం దాటేయొద్దు. మా పిన్ని కూతురికి ఇరవై మూడేళ్ళప్పుడు ఇదే వాల్ప్రోయేట్ రాశారు, రెండేళ్ళు వాడింది, పెళ్ళి గురించి గానీ పిల్లల గురించి గానీ ఒక్క ముక్క ఎవరూ అడగలేదు, చెప్పలేదు. గర్భం వచ్చిన మొదటి వారాల్లో ఈ మందు ఒంట్లో ఉంటే బిడ్డకి వెన్నుపాము లోపాలు రావచ్చు, పుట్టాక తెలివితేటల ఎదుగుదల మీదా దెబ్బ పడొచ్చు. అందుకే పిల్లలు కనే వయసులో ఉన్నవాళ్ళకి వేరే దారి ఉంటే ఇది ఇవ్వకూడదంటారు. గర్భం వచ్చిందని తెలిసేసరికే ఆలస్యం అయిపోతుంది, కాబట్టి డాక్టరు అడగకపోతే మీరే అడగండి, సిగ్గుపడొద్దు.

మా పిన్ని కూతుర్ని తర్వాత లామోట్రిజిన్ అనే మందుకి మార్చారు. నేను వాడలేదు, పక్కనుండి చూసిందే చెప్తా. బరువు పెరగలేదు, మత్తు లేదు, అది పనిచేసేది ఎక్కువగా కిందపడే వైపు, అంటే డిప్రెషన్ రాకుండా కాపాడటానికి. ఎగిరిపడుతున్న మనిషిని అప్పటికప్పుడు దించాలంటే దీనివల్ల కాదు. దీనికి ఓపిక కావాలి, పాతిక మిల్లీగ్రాములతో రెండు వారాలు, యాభైతో ఇంకో రెండు వారాలు, అలా మెట్టు మెట్టుగా ఎక్కాలి, వాల్ప్రోయేట్‌తో కలిపి వాడితే అందులో సగం వేగమే. ఎందుకంటే తొందరపడితే ఒంటిమీద దద్దుర్లు, అవి ముదిరితే చర్మం, నోరు, కళ్ళు పుండ్లయ్యి ప్రాణం మీదకి రావచ్చు. మావాళ్ళు ఏం చేశారో తెలుసా, పెళ్ళిచూపులని మాత్రలు దాచేశారు, మూడు వారాలు మాన్పించారు, సంబంధం తప్పిపోయాక మళ్ళీ ఒకేసారి పాత డోసు మొత్తం మింగించబోయారు. అదృష్టం, ఆ పిల్లే ముందు డాక్టరుకి ఫోన్ చేసింది. కొన్ని రోజులు గ్యాప్ వస్తే మళ్ళీ పాతిక నుంచే మొదలట. ఓపిక ఉన్న ఇంటికి మంచి మందు.

ఇక అసలు విషయానికి వస్తా. 2015లో డాక్టరుని మార్చాం. కొత్తాయన పెద్దాయన, తక్కువ మాట్లాడతారు. నా కథంతా విని, మూత్రపిండాలకి, థైరాయిడ్‌కి పరీక్షలు రాసి, రిపోర్టులు చూసి లిథియం మొదలుపెడదాం అన్నారు. మా ఆవిడ ఫోన్‌లో వెతికి బ్యాటరీల బొమ్మలు చూపించింది. ఆయన నవ్వి, అదేనమ్మా, కాకపోతే ఇది దాని ఉప్పు అన్నారు.

ఉప్పు అన్న మాట గుర్తుపెట్టుకోండి, ఈ మందు కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు మేనియాతో ఉన్న పదిమందికి దీన్ని ఇచ్చి చూశాడు, అంతకు ముందు గినీ పందులకి ఎక్కిస్తే అవి నెమ్మదించాయి గనక. అదే సంవత్సరం అమెరికాలో లిథియం క్లోరైడ్‌ని గుండె జబ్బు ఉన్నవాళ్ళకి మామూలు ఉప్పు బదులు చల్లుకోమని అమ్మారు, కొందరు చచ్చిపోయారు. ఒకే పదార్థం ఒకచోట మందు, ఇంకోచోట విషం. ఆ భయం వల్లే అమెరికాలో దీన్ని మందుగా ఒప్పుకునేసరికి 1970 అయ్యింది. మధ్యలో డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ అనే ఆయన పట్టుబట్టి పరీక్షలు చేయకపోతే ఇవాళ నా చేతిలో ఈ స్ట్రిప్ ఉండేది కాదేమో.

పనిచేసిందా అంటే, పనిచేసింది. కానీ ఎలా పనిచేసిందో చెప్పడం కష్టం, ఎందుకంటే ఏమీ జరగకపోవడమే దాని పని. తలనొప్పి మాత్రలాగా వేసుకున్న అరగంటకి తెలిసేది కాదు. మొదటి నెల ఏమీ తేడా లేదని మా ఆవిడతో గొడవ కూడా పడ్డా. ఆరేడు నెలలకి ఒకరోజు ప్రూఫ్ దిద్దుతూ గమనించా, పొద్దున్నుంచి మనసు గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదని. 2019 ఏప్రిల్ 11న మళ్ళీ ఎన్నికలు, మళ్ళీ అదే పోస్టర్లు, అదే మొహం తెల్లగా చేయడం, కానీ పదింటికి షట్టర్ వేసి ఇంటికెళ్ళి పడుకున్నా. ఓనరు కూడా రెండో షిఫ్టుకి వేరే కుర్రాణ్ణి పెట్టాడు, ఆ లారీ పేపరు ఆయనా మర్చిపోలేదుగా. 2024 మే 13 కూడా అలాగే గడిచింది. మిగతావాళ్ళకి ఎన్నికలంటే ఎవరు గెలిచారన్నది, నాకు మాత్రం నేను నిద్రపోయానా లేదా అన్నది. ఆత్మహత్య ఆలోచనల వైపు పోకుండా కాపాడటంలో దీనికున్నంత పేరు ఈ కోవలో ఇంకో మందుకి లేదని డాక్టరు చెప్పారు, నా వరకు ఆ కుర్చీ ఇప్పుడు ఖాళీ. (ఎవరికైనా ఆ కుర్చీ నిండి ఉంటే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్, ప్రభుత్వానిది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.)

పోగొట్టుకున్నది లేదా అంటే ఉంది. ఆ హుషారు పోయింది. ఆ రోజుల్లో వేసిన డిజైన్లు కొన్ని ఇప్పటికీ చూస్తే ఇది నేనే వేశానా అనిపిస్తుంది. మిగతావి చూస్తే కూడా ఇది నేనే వేశానా అనిపిస్తుందనుకోండి, ఒక అభ్యర్థి తల చుట్టూ ఏడు సూర్యుళ్ళు పెట్టా.

ఇప్పుడు మార్కులు కోసే భాగం. చేతులు వణుకుతాయి. సన్నటి వణుకు, పక్కవాళ్ళకి కనపడదు, కానీ మౌస్ పట్టి ఒక అక్షరాన్ని వెంట్రుకవాసి జరపాలంటే తెలుస్తుంది. ఇప్పుడు బాణం మీటలతో జరుపుతా. పెళ్ళిళ్ళలో టీ కప్పు సాసర్ మీద టకటకలాడుతుంటే సాసర్ తీసి పక్కన పెట్టేస్తా. దానికి ప్రొప్రనొలాల్ అని చిన్న మాత్ర ఇచ్చారు, చాలావరకు తగ్గింది. దాహం, దాని వెనకే మూత్రం. రాత్రి బస్సులో హైదరాబాద్ వెళ్ళడం మానేశా, సూర్యాపేట దాకా ఆపడు, నాకేమో నందిగామ దాటకముందే టెన్షన్. రైలు అయితే గొడవ లేదు. నాలుగేళ్ళకి థైరాయిడ్ మందగించింది, ఇది లిథియంతో తరచుగా వచ్చేదే, అప్పట్నుంచి పొద్దున్నే పరగడుపున ఇంకో మాత్ర. ఆరు నెలలకోసారి క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ఏడాదికోసారి కాల్షియం. మూత్రపిండాల మీద కన్నేసి ఉంచాలి గనక.

వీటన్నిటికంటే పెద్ద పని రక్తంలో లెవెల్ చూసుకోవడం. ఈ మందులో పనిచేసే మోతాదుకీ విషానికీ మధ్య సందు చాలా ఇరుకు. నాకు 0.6 నుంచి 0.8 మధ్యలో ఉంటే మా డాక్టరు గారు తృప్తిగా తలూపుతారు, 1.5 దాటితే ప్రమాదం. ఆఖరి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి రక్తం ఇవ్వాలి, రాత్రి తొమ్మిదికి వేసుకుంటే పొద్దున్న తొమ్మిదికి. ఒకసారి ఒక ల్యాబులో ఇస్తే రిపోర్టు 2.6 అని వచ్చింది. నేను చూస్తే నిక్షేపంలా ఉన్నా, ఆ పూటే నాలుగు పెసరట్లు తిన్నా. ఇంట్లో ఏడుపులు. డాక్టరు గారు రిపోర్టు చూసి, నన్ను చేతులు చాపమని చూసి, అడిగిన మొదటి ప్రశ్న: "రక్తం ఏ రంగు మూత ట్యూబులో తీశారు బాబూ?" ఆకుపచ్చ అన్నా. రక్తం గడ్డకట్టకుండా ఆ ట్యూబులో ముందే వేసి ఉంచేది లిథియం హెపారిన్, అంటే నా రక్తంలో లేని లిథియాన్ని వాళ్ళే కలిపి కొలిచి నాకు చూపించారన్నమాట! ఎర్ర మూతది తీసి మళ్ళీ చేస్తే 0.7. ఆ ల్యాబు కుర్రాడు సారీ చెప్పాడు గానీ డబ్బులు మాత్రం రెండుసార్లూ తీసుకున్నారు.

అది ఉత్త భయం. నిజంగా ప్రాణం మీదకి వచ్చింది 2024 ఎన్నికలు అయిపోయిన వారం. రోజంతా కుర్చీలో కూర్చుని నడుము పట్టేసింది. మా వీధి చివర ఆరెంపీ దగ్గరికి వెళ్తే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేసి, అవే మాత్రలు ఐదు రోజులకి ఇచ్చాడు. లిథియం వాడుతున్నానని నేను చెప్పలేదు, ఆయన అడగలేదు, తప్పు సగం నాదే. బయట బెజవాడ ఎండ, ప్రెస్సులో ఏసీ పాడైంది, చెమట ధారలు. నాలుగో రోజు విరేచనాలు, వాంతులు, ఎండదెబ్బ అనుకున్నాం. ఐదో రోజు చొక్కా గుండీ పెట్టుకోలేకపోయా, వేళ్ళు వణకడం కాదు, చెయ్యి మొత్తం ఎగురుతోంది. గోడ పట్టుకుని నడుస్తూ మంచినీళ్ళు అడిగితే మాట ముద్దగా వచ్చింది. మా ఆవిడ "తాగొచ్చారా?" అంది. నేను తాగను అని ఆవిడకి తెలుసు, ఆ తెలియడమే నన్ను కాపాడింది, వెంటనే మాత్రల డబ్బా మొత్తం సంచిలో వేసుకుని ఆటో పిలిచింది. లెవెల్ 1.9, ఈసారి ఎర్ర మూత ట్యూబే. లిథియం ఆపి, రెండు రోజులు సెలైన్లు ఎక్కించారు.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, కొన్ని రకాల బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు, ఇవి లిథియాన్ని ఒంట్లోంచి బయటికి పోనివ్వవు. నొప్పికి పారాసెటమాల్ వేసుకోవచ్చు, నేనిప్పుడు అదే. చెమట, విరేచనాలు, జ్వరం వల్ల ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గినా అంతే. అంతకు ముందు ఒకసారి మా అత్తగారికి బీపీ అని ఇంట్లో అందరికీ ఉప్పు సగానికి తగ్గించేశారు, ఆవకాయ కూడా అటకెక్కింది, చూస్తే ఆ నెల నా లెవెల్ 1.1. ఒంట్లో సోడియం, అంటే ఉప్పు, తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని కూడా పట్టి ఉంచుకుంటాయట. డాక్టరు గారు అడిగింది మందుల గురించి కాదు, "ఇంట్లో వంట మారిందా?" అని. అలాగని ఉప్పు ఎక్కువ తినమని కాదు, ఎక్కువైతే లెవెల్ పడిపోతుంది. రోజూ ఎంత తింటే అంతే తినాలి. నాకిప్పుడు ప్రత్యేకంగా ఒక చిన్న గిన్నెలో ఆవకాయ పెడతారు, అత్తగారు దాన్ని అసూయగా చూస్తారు.

మెడికల్ షాపుల సంగతి ఒకటి. నాకు రాసేది 400 మిల్లీగ్రాముల ఎస్సార్, నెమ్మదిగా కరిగేది. ఒకసారి స్టాక్ లేదని మామూలు 300 ఇచ్చి "అదే మందండీ, కంపెనీ తేడా" అన్నాడు. అదే మందు కాదు, మోతాదూ వేరు, కరిగే తీరూ వేరు. ఇప్పుడు పాత స్ట్రిప్ జేబులో పెట్టుకుని వెళ్ళి పక్కపక్కన పెట్టి చదివాకే డబ్బులిస్తా, పది రోజుల మాత్రలు ఎప్పుడూ ఎక్కువ ఉంచుకుంటా. ధర మాత్రం పెద్ద భారం కాదు, ఒక మాత్ర సెంటర్లో టీ కంటే చవక. పరీక్షల ఖర్చే ఎక్కువ.

రాత్రి లిథియంతో పాటు క్వెటియాపిన్ కూడా చిన్న మోతాదులో ఉంది. మా ఇంట్లో దాని పేరు నిద్రమాత్ర, కాదని చెప్పి చెప్పి విసిగిపోయా. ఇది పైకి ఎగిరే వైపూ కింద మునిగే వైపూ రెండు చోట్లా పనికొస్తుంది. తొమ్మిదికి వేసుకుంటే పదిన్నరకి కళ్ళు మూతలు పడతాయి, పదకొండుకి వేసుకున్నానా, మర్నాడు తొమ్మిది దాకా తలలో ఇసుక బస్తా. నోరు ఎండుతుంది. బరువు ఓలాంజపిన్ అంత కాకపోయినా పెరుగుతుంది. ఏడు మార్కులు.

మానేసిన సంగతి చెప్తానన్నా కదా. 2017లో బాగానే ఉన్నాను కదా, ఇంకెందుకు అనిపించి ఎవరికీ చెప్పకుండా లిథియం ఒక్కసారిగా ఆపేశా. మూడు వారాలు ఏమీ కాలేదు. నాలుగో వారం రాత్రి మూడింటికి లేచి ప్రెస్సు పేరు మార్చాలని ఓనరుకి ఫోన్ చేశా. ఆయన నాకేమీ చెప్పకుండా మా ఆవిడకి ఫోన్ చేశాడు. మందు బాగా పనిచేస్తోంది కాబట్టే బాగున్నాను అన్నది ఆ బాగున్న మనిషికే తట్టదు, అదే ఈ జబ్బులో తిరకాసు. ఆపాలంటే కూడా డాక్టరు చూసుకుంటూ నెలల తరబడి తగ్గించాలట, హఠాత్తుగా ఆపితే జబ్బు ఇంకా వేగంగా తిరిగొస్తుంది.

లిథియానికి పదికి ఎనిమిది. ఒకటి వణుక్కి, ఒకటి రాత్రి బస్సుకి కోశా.

రేపు పొద్దున్న తొమ్మిదికి లెవెల్ టెస్టు ఉంది. "ఎర్ర మూత ట్యూబు" అని ముప్పై ఆరు పాయింట్ల బోల్డులో ప్రింటు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నా.